పేరుపేరునా గుర్తుపెట్టుకోవడం: దాడి జరిగాక విశ్వవిద్యాలయం ఏం చేయాలి?



పోయిన నెల సమావేశంలో కత్తివాక్కం నుంచి వచ్చిన ఒక అమ్మ అడిగిన ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్లబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్నాడు. కాలేజీ వాళ్లు ‘ఐ.వి.’ అని చెప్పి, అంటే పరిశ్రమలు చూపించడానికి, పిల్లల్ని వేరే రాష్ట్రం తీసుకెళ్తున్నారట. "ఏం జరిగినా మాదే బాధ్యత అని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారండీ. బాధ్యత మాదే అయితే, జరగరానిది జరిగినప్పుడు కాలేజీ చేసేదేమిటి?" అని ఆవిడ అడిగింది. ఆవిడ భయం బస్సు గురించి కాదు. పహల్గాం వార్తలు చూసినప్పటి నుంచి పట్టుకున్న దిగులు అది.

ఆ రోజు మాలో ఎవరి దగ్గరా జవాబు లేదు. "అలాంటివేం జరగవులే అమ్మా" అని సర్దిచెప్పి, టీలు తాగి, లెక్కలు చదివి, ఇళ్లకు పోయాం. కానీ ఆ మాట మాకే నచ్చలేదు. జరగవని ఎవరు చెప్పగలరు? జరిగాయి కదా! అందుకే ఈసారి వ్యాసం ఉప్పుటేరు గురించో, పాత పడవల గురించో కాకుండా ఈ ప్రశ్న గురించే రాస్తున్నాం. ఉగ్రవాద దాడి తర్వాత ఒక కాలేజీ, ఒక విశ్వవిద్యాలయం తన పిల్లల కోసం, వాళ్ల ఇళ్ల కోసం ఏం చేయగలదు? ఇదివరకు ఎవరు ఏం చేశారు? కొంచెం పొడుగే. ఓపికగా చదవండి.

మన ఊరి పట్టాల దగ్గర నుంచే మొదలుపెడదాం. సెంట్రల్‌లో బయల్దేరి గూడూరు, నెల్లూరు, విజయవాడ వైపు వెళ్లే రైళ్లన్నీ మన ఎన్నూరు మీదుగానే పోతాయి. మనలో చాలామందికి పుట్టిల్లో అత్తగారిల్లో ఆ దారిలోనే ఉంది. 2014 మే 1వ తేదీ ఉదయం బెంగళూరు నుంచి గువాహటి వెళ్లే ఎక్స్‌ప్రెస్ కూడా అలాగే మన స్టేషన్ దాటి పోవాల్సింది. సెంట్రల్‌లో 9వ నంబరు ప్లాట్‌ఫాం మీద ఆగి ఉండగా, ఏడుంపావు ప్రాంతంలో ఎస్4, ఎస్5 బోగీల్లో బాంబులు పేలాయి. పద్నాలుగు మంది గాయపడ్డారు. ఒక అమ్మాయి చనిపోయింది. గుంటూరు అమ్మాయి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ సెలవుకు ఇంటికి బయల్దేరింది. చదువు ముగించి సంపాదన మొదలుపెట్టి ఎన్నాళ్లో కాలేదు. ఆ రోజు లోకల్ రైళ్లు నిలిచి, ఇంటికి ఎలా చేరాలో తెలియక బేసిన్ బ్రిడ్జి వైపు నడిచిన వాళ్లు మన సంఘంలోనే ఉన్నారు.

ఆ ఉదయం గాయపడిన వాళ్లను ఎక్కడికి తీసుకెళ్లారు? రోడ్డుకు అటు పక్కనే ఉన్న పెద్దాసుపత్రికి, అంటే రాజీవ్ గాంధీ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి. దాన్ని మనం ఆసుపత్రి అనే అనుకుంటాం. నిజానికి అది 1835లో మొదలైన మద్రాసు మెడికల్ కాలేజీ బోధనాసుపత్రి. అక్కడ పరుగులు పెట్టే వాళ్లలో చదువుకుంటున్న పిల్లలు, హౌస్ సర్జన్లు ఉంటారు. దాడి జరిగిన రోజు చదువుల లోకం ఊరికి అందించే మొదటి చెయ్యి ఇదే. హైదరాబాదులో బాంబులు పేలినప్పుడూ అంతే, క్షతగాత్రులు ఉస్మానియా ఆసుపత్రికి చేరారు. అదీ ఉస్మానియా మెడికల్ కాలేజీ పిల్లలు పని నేర్చుకునే చోటే.

ఇప్పుడు ఆ హైదరాబాదు సంగతికి వద్దాం. ఆ అమ్మ అడిగిన ప్రశ్నకు మన తెలుగు నేల మీద అన్నిటికంటే దగ్గరగా ఉన్న ఉదాహరణ అక్కడే ఉంది.

2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం. సచివాలయం ఎదుట లుంబినీ పార్కులో లేజర్ షో చూడటానికి జనం కూర్చుని ఉన్నారు. అక్కడొక బాంబు పేలింది. కాసేపటికే కోఠిలో గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. కోఠి అంటే పాఠ్యపుస్తకాల అంగళ్లు, మహిళా కళాశాల, మెడికల్ కాలేజీ. పుస్తకం కొనుక్కుని చాట్ తిని పోయే పిల్లలతో ఎప్పుడూ కిటకిటలాడే చోటు. దిల్‌సుఖ్‌నగర్‌లో పెట్టిన మూడో బాంబు పేలకముందే దొరికింది. రెండు చోట్లా కలిపి నలభై మందికి పైగా పోయారు.

లుంబినీ పార్కులో పోయిన వాళ్లలో ఏడుగురు ఇంజనీరింగు విద్యార్థులు. వాళ్లు హైదరాబాదు పిల్లలు కాదు. మహారాష్ట్రలో ప్రవర నది ఒడ్డునున్న సంగమనేర్ అనే పట్టణం నుంచి, అమృతవాహిని ఇంజనీరింగు కళాశాల నుంచి వచ్చారు. ఎందుకొచ్చారో తెలుసా? విజ్ఞాన యాత్రకు. మన పిల్లలు ‘ఐ.వి.’ అని వెళ్లేదే వాళ్లూ వచ్చారు. పగలంతా చూడాల్సినవి చూసి, సాయంత్రం కాస్త సరదాగా లేజర్ షోకు పోయి కూర్చున్నారు.

ఆ రాత్రి వాళ్లతో వచ్చిన అధ్యాపకుల పరిస్థితి ఊహించండి. తెలియని ఊరు, తెలియని భాష. చీకట్లో పిల్లలు చెల్లాచెదురయ్యారు. ముందు తలలు లెక్కపెట్టాలి. లెక్క తగ్గితే ఒక్కొక్క ఆసుపత్రీ తిరగాలి. శవాగారంలో మొహం చూసి పేరు చెప్పాలి. ఆ పేరును ఫోనులో వాళ్ల నాన్నకు చెప్పాలి. టీవీలో కింద పరుగెత్తే అక్షరాల్లో తెలియడం కంటే, పిల్లవాడికి పాఠం చెప్పిన మనిషి గొంతులో తెలియడం ఎంతో కొంత నయం. అంతకంటే పెద్ద సాయం ఆ రాత్రి ఎవరూ చేయలేరు.

ఆ కేసులో తీర్పు వచ్చేసరికి 2018 సెప్టెంబరు అయింది. ఇద్దరికి ఉరిశిక్ష, ఒకరికి యావజ్జీవం పడింది. పదకొండేళ్లు! 2007లో ఆ యాత్రకు వచ్చి ప్రాణాలతో మిగిలిన పిల్లలకు ఈలోగా పెళ్లిళ్లయి, వాళ్ల పిల్లలు బడికి పోతూ ఉంటారు. చట్టం పని చట్టం చేస్తుంది, దాని నడక దానిది. ఈ పదకొండేళ్లూ ఆ ఇళ్లను పట్టించుకోవాల్సింది ఎవరు? ప్రభుత్వం పరిహారం చెక్కు ఇస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. చుట్టాలు పదో రోజు దాకా ఉంటారు. తర్వాత ఎవరు? విశ్వవిద్యాలయానికి ఉన్న విలువ ఇక్కడే తెలుస్తుంది. ఎందుకంటే అది ఎక్కడికీ పోదు. మంత్రులు మారతారు, పేపర్లు మరచిపోతాయి, విశ్వవిద్యాలయం నూరేళ్లయినా అదే చోట ఉంటుంది.

అలా ఎక్కడికీ పోకుండా నిలబడి చూపించిన విశ్వవిద్యాలయం ఒకటుంది. దాని కథ మీకు వివరంగా చెప్పాలి.

1988 డిసెంబరు 21. లండన్ నుంచి న్యూయార్క్ పోతున్న పాన్ యామ్ 103 విమానం స్కాట్లాండులోని లాకర్బీ అనే చిన్న ఊరి మీద పేలిపోయింది. సూట్‌కేసులో దాచిన బాంబు. విమానంలో 259 మంది, కింద ఊళ్లో 11 మంది, మొత్తం 270 మంది పోయారు. వాళ్లలో 35 మంది అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయం ద్వారా యూరప్‌లో చదువుకుని, క్రిస్మస్‌కు ఇళ్లకు తిరిగొస్తున్న విద్యార్థులు. సంగమనేర్ పిల్లల్లాగే చదువు కోసం ఊరు దాటిన వాళ్లు.

ఆ రాత్రి సిరక్యూస్ ఒక తప్పు చేసింది. అప్పటికే ఏర్పాటైన బాస్కెట్‌బాల్ ఆటను ఆపలేదు. కాసేపు మౌనం పాటించి ఆట ఆడించారు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులకు అది గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఆ నిర్ణయం మీద విమర్శలు చాలా కాలం నడిచాయి. ఇది ఎందుకు చెబుతున్నామంటే, పెద్ద పెద్ద సంస్థలు కూడా మొదటి రోజు తడబడతాయి. తడబడ్డాక ఏం చేశాయన్నదే చూడాలి.

సిరక్యూస్ చేసిన పని ఇది. 35 మంది పేర్లు చెక్కిన స్మారక స్థలాన్ని ప్రాంగణం ముందు భాగంలో కట్టింది. అక్కడితో ఆగలేదు. ప్రతి ఏడూ చివరి సంవత్సరం విద్యార్థుల్లో 35 మందిని ఎంపిక చేసి వాళ్లకు ఉపకార వేతనం ఇస్తుంది. సరిగ్గా 35 మందికే ఎందుకు? ఒక్కొక్కరు పోయిన ఒక్కొక్కరి తరఫున నిలబడతారు. ఆ ఏడంతా ఆ మనిషి గురించి తెలుసుకోవాలి. ఏం చదివేవాడు, ఏ పాట ఇష్టపడేవాడు, ఇంటికి రాసిన ఉత్తరంలో ఏముంది. దానికోసం విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఒక విభాగమే ఉంది. కుటుంబాలు తమ పిల్లల ఉత్తరాలు, ఫొటోలు, నోటు పుస్తకాలు అక్కడ భద్రపరిచాయి. ఏటా స్మారక వారంలో ప్రాంగణం పచ్చికలో 35 కుర్చీలు విమానంలో ఆ పిల్లలు కూర్చున్న వరసలో వేస్తారు. ఎంపికైన విద్యార్థులు వాటిలో మౌనంగా కూర్చుంటారు. ఆ కుర్చీల్లో ఇప్పుడు కూర్చునే పిల్లలు విమానం కూలిన నాటికి పుట్టనైనా లేదు. అయినా ఆ పేర్లు వాళ్లకు తెలుసు.

ఇంకో మాట. విమానం కూలిన లాకర్బీ ఊరిని కూడా ఆ విశ్వవిద్యాలయం తనదిగానే చూసుకుంది. అక్కడి బడిలో చదివిన ఇద్దరు పిల్లల్ని ప్రతి ఏడూ తీసుకొచ్చి ఒక సంవత్సరం తన దగ్గర చదివిస్తుంది. ఎందుకంటే ఆ ఊరు కూడా తన వాళ్లను పోగొట్టుకుంది. పైగా ఆ ఊరి ఆడవాళ్లు చేసిన పని వింటే మనసు కరుగుతుంది. పొలాల్లో, గుట్టల మీద చెదిరిపడిన బట్టలన్నిటినీ ఉతికి, ఇస్త్రీ చేసి, మడతపెట్టి, తెలియని తల్లులకు తిరిగి పంపారు. ఎవరూ అడగలేదు. తమ పిల్లల బట్టలైతే ఎలా చేస్తారో అలా చేశారు.

ఈ కథ చదివాకే ఆ అమ్మ ప్రశ్నకు మాకు సగం జవాబు దొరికింది. సంస్థ చేసే సాయంలో పెద్దది డబ్బు కాదు, లెక్క. అది ‘నలభై మందికి పైగా’ అనే లెక్క కాదు. ఒకరు, ఒకరు, ఒకరు అనే లెక్క. పేపరులో అంకె అయిపోయిన పిల్లవాడికి మళ్లీ పేరు ఇవ్వడం.

మిగతా చోట్ల ఏం చేశారో కూడా కొంచెం చూద్దాం.

2007లోనే, హైదరాబాదుకు నాలుగు నెలల ముందు, ఏప్రిల్ 16న అమెరికాలోని వర్జీనియా టెక్‌లో ఒక విద్యార్థి తుపాకీతో 32 మందిని చంపాడు. దాన్ని ఉగ్రవాదం అనరు గానీ, ప్రాంగణానికి తగిలిన దెబ్బ అదే. పోయిన వాళ్లలో మన తమిళనాడు గోబిచెట్టిపాళయం ప్రాంతం నుంచి వెళ్లిన ఆచార్య జి.వి. లోగనాథన్ ఉన్నారు. నీటి వనరుల పాఠం చెబుతూ తరగతి గదిలోనే పోయారు. ఆ వేసవి స్నాతకోత్సవంలో చనిపోయిన విద్యార్థుల పట్టాలను వాళ్ల కుటుంబాలకు అందించారు. 32 రాళ్లతో మైదానం అంచున స్మారకం కట్టారు. మారణకాండ జరిగిన భవనాన్ని కూల్చలేదు. అందులోనే శాంతిని గురించి, హింసను ఆపడం గురించి అధ్యయనం చేసే కేంద్రం పెట్టారు. దానికి మొదటి సంచాలకుడు ఎవరో తెలుసా? ఆ భవనంలోనే పాఠం చెబుతూ చనిపోయిన ఒక ఉపాధ్యాయురాలి భర్త.

2015 ఏప్రిల్ 2న కెన్యాలోని గరిస్సా విశ్వవిద్యాలయ కళాశాల మీద దాడి జరిగింది. 148 మంది పోయారు, వాళ్లలో 142 మంది విద్యార్థులే. బతికిన పిల్లలు ఆ గదుల్లోకి తిరిగి ఎలా వెళతారు? వాళ్లను చదువు ఆగకుండా మాతృసంస్థ అయిన మోయి విశ్వవిద్యాలయానికి మార్చారు. అలాగని ఆ ఊరి చదువును వదిలేయలేదు. 2016 జనవరిలో గరిస్సా తలుపులు మళ్లీ తెరిచారు. 2017లో అది పూర్తి స్థాయి విశ్వవిద్యాలయం అయింది. పిల్లలకు భయం లేని చోటు ఇవ్వడం, ఊరిని మాత్రం వదలకపోవడం, రెండూ చేశారు.

2019 మార్చి 15న న్యూజీలాండులోని క్రైస్ట్‌చర్చ్‌లో శుక్రవారం నమాజుకు వచ్చిన వాళ్లపై కాల్పులు జరిపి 51 మందిని పొట్టనబెట్టుకున్నారు. హైదరాబాదు నుంచి, కరీంనగర్ నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన మన వాళ్లూ అందులో ఉన్నారు. కేరళ నుంచి వెళ్లి అక్కడి లింకన్ విశ్వవిద్యాలయంలో పీజీ చేసిన ఒక యువతి కూడా పోయింది. పట్టా చేతికి రావాల్సిన సమయం అది. విశ్వవిద్యాలయం స్నాతకోత్సవంలో ఆమె పేరు పిలిచింది. భర్త వేదిక ఎక్కి ఆ పట్టా అందుకున్నాడు. కాగితమే కదా అనుకోవచ్చు. కానీ ఆ కాగితం కోసమే ఆ అమ్మాయి ఇల్లు విడిచి అంత దూరం పోయింది. పని పూర్తి చేసిందని ఊరి ముందు చెప్పడం కూడా సాయమే.

మన దేశంలో? 2008 నవంబరు 26 ముంబయి దాడుల తర్వాత టాటా సామాజిక విజ్ఞాన సంస్థ, అంటే టిస్, బాధితుల మానసిక గాయాలను కనిపెట్టే పనిలో తాజ్ హోటలు ట్రస్టుతో కలిసి నడిచింది. మనకు అంతకంటే దగ్గరి అనుభవమే ఉంది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు తమిళనాడు తీరంలో పనిచేశారు. వాళ్లు డాక్టర్లను మాత్రమే నమ్ముకోలేదు. ఊళ్లో చదువుకున్న మామూలు మనుషులకే శిక్షణ ఇచ్చి, పక్కింటి వాళ్ల దుఃఖం ఎలా వినాలో నేర్పించారు. సముద్రం చేసిన గాయమైనా మనిషి చేసిన గాయమైనా, రాత్రి నిద్రపట్టనప్పుడు తలుపు తట్టి "తిన్నావా?" అని అడిగే మనిషి కావాలి. ఆ అడగడాన్ని కూడా నేర్పవచ్చని ఒక విద్యాసంస్థ చూపించింది.

ఇంతవరకు రాసింది మనసుకు హాయిగానే ఉంటుంది. ఇక్కడి నుంచి రాసేది మనకు గుచ్చుకుంటుంది. అయినా రాయాలి.

దాడి తర్వాత విశ్వవిద్యాలయం ముందు ఇంకో పని ఉంటుంది. అన్నిటికంటే కష్టమైనది. తన పిల్లల్లో కొందరి వైపు వేలు చూపించే లోకానికి అడ్డం నిలబడటం.

మళ్లీ 2007 హైదరాబాదే తీసుకోండి. గోకుల్ చాట్‌కు మూడు నెలల ముందు, మే 18న, మక్కా మసీదులో బాంబు పేలింది. బాంబుకు తొమ్మిది మంది, ఆ తర్వాత పోలీసు కాల్పుల్లో ఐదుగురు పోయారు. ఆ ఏడు పాతబస్తీలో పదుల సంఖ్యలో ముస్లిం యువకులను పట్టుకుపోయారు. వాళ్లలో చదువుకునే పిల్లలూ ఉన్నారు. చాలామందిని కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. చివరికి అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే వాళ్లకు పరిహారం ప్రకటించాల్సి వచ్చింది. పరిహారం సంగతి అలా ఉంచండి. పోయిన పరీక్షలు, పోయిన హాజరు, పోయిన స్నేహితులు? జైలు నుంచి తిరిగొచ్చిన పిల్లవాడు తరగతి గది తలుపు దగ్గర నిలబడి "లోపలికి రావచ్చా సార్?" అని అడిగినప్పుడు, ఆ మాస్టారు ఏమంటారు అన్నదే ఒక విశ్వవిద్యాలయానికి అసలు పరీక్ష. ఏ ర్యాంకులోనూ ఆ మార్కులు కనిపించవు.

2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్లకు కట్టిన రెండు బాంబులు పేలాయి. పద్దెనిమిది మంది పోయారు. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు కిక్కిరిసిన చోటది. పల్లెల నుంచి వచ్చి అద్దెగదుల్లో చదువుకునే పిల్లలూ వాళ్లలో ఉన్నారు. నిరుడు 2025 ఏప్రిల్ 8న తెలంగాణ హైకోర్టు ఆ కేసులో ఐదుగురి ఉరిశిక్షను ఖరారు చేసింది. సరిగ్గా రెండు వారాలకు, ఏప్రిల్ 22న, పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. విశాఖపట్నానికి చెందిన విశ్రాంత బ్యాంకు ఉద్యోగి ఒకరు, కావలికి చెందిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఒకరు పోయారు. కావలి ఆయన పార్థివ దేహం మన చెన్నై విమానాశ్రయంలోనే దిగి, రోడ్డు మార్గాన సొంతూరు చేరింది. మన సంఘంలో కావలి వైపు వాళ్లు ఎందరున్నారో మీకు తెలుసు. ఆ రెండు రోజులు మన ఇళ్లలో పొయ్యి వెలిగిందన్న మాటే గానీ, అన్నం ఎవరికీ సయించలేదు.

ఆ దుఃఖంలోనే ఇంకొకటి జరిగింది. దేశంలో కొన్ని చోట్ల కశ్మీరీ విద్యార్థులను వేధించారు, గదులు ఖాళీ చేయమన్నారు. అదెక్కడో ఉత్తరాదిలో అనుకున్నాం. మన పేటలోనే ఒక ఇంటి యజమాని, అద్దెకున్న ఇద్దరు కుర్రాళ్ల పేర్లు చూసి, వారం గడువిచ్చి ఖాళీ చేయించారు. ఆ పిల్లలది కశ్మీరు కూడా కాదు. పగలు కాలేజీ, సాయంత్రం పార్ట్‌టైం పని, వీధిలో ఎవరు కనిపించినా "వణక్కం అన్నా" అనేవారు. వాళ్లు బకెట్టు, పరుపు, పుస్తకాల పెట్టె ఆటోలో వేసుకుని పోతుంటే మాలో ముగ్గురం సంఘం గది మెట్ల మీదే కూర్చుని ఉన్నాం. నోరెత్తలేదు. "మనకెందుకులే" అనుకున్నాం. ఎవరి ఇల్లో అని ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఎందుకంటే తప్పు ఆ ఒక్కరిదే కాదు, చూసి ఊరుకున్న మాది కూడా.

లాకర్బీ ఆడవాళ్లు తెలియని పిల్లల బట్టలు ఉతికి పంపారు. మేము తెలిసిన పిల్లల పెట్టె మోయడానికి కూడా లేవలేదు. ఈ వ్యాసం రాయడానికి ఆ అమ్మ ప్రశ్న ఒక కారణం, ఇది రెండో కారణం.

అందరం ఒకసారి వెనక్కి ఆలోచిద్దాం. మన తాతలు నెల్లూరు నుంచి, ప్రకాశం నుంచి, శ్రీకాకుళం నుంచి ఈ తీరానికి వచ్చినప్పుడు వాళ్లూ వేరే భాష వాళ్లే, వేరే పేర్ల వాళ్లే. ఎవరో ఒకరు గది ఇచ్చారు, ఎవరో ఒకరు ఫ్యాక్టరీ గేటు దగ్గర మాట సాయం చేశారు. అందుకే ఇవాళ మనకు ఒక సంఘం, ఆ సంఘానికో గది ఉన్నాయి.

సరే, ఆ అమ్మ ప్రశ్నకు జవాబు ఏమిటి? చరిత్ర చెప్పేది ఇది. దాడిని ఆపడం కాలేజీ చేతుల్లో లేదు. కానీ ఆ తర్వాత జరిగే నాలుగు పనులు దాని చేతుల్లోనే ఉన్నాయి. మొదటి రాత్రి పిల్లల లెక్క తేల్చి, నిజం ఇంటికి స్వయంగా చెప్పడం. మొదటి నెలల్లో బతికిన పిల్లల చదువు, పరీక్షలు, నిద్ర ఏమీ చెడకుండా చూడటం, పోయిన పిల్లల పట్టా ఇంటికి చేర్చడం. తన పిల్లల్లో ఎవరినీ పేరు చూసి బలి కానివ్వకపోవడం. ఏళ్లు గడిచినా పేరుపేరునా గుర్తుపెట్టుకోవడం. సంతకం పెట్టించుకున్న కాగితం ఈ నాలుగింటిలో దేన్నీ తప్పించలేదు. కాలేజీ వాళ్లను ఈ నాలుగూ అడగండి. అడిగే హక్కు మనకుంది.

ఇక మన సంఘం మాట. మనం విశ్వవిద్యాలయం కాదు. కానీ మనదీ ఎక్కడికీ పోని సంస్థే. అందుకే వచ్చే సమావేశం ముందు మూడు ప్రతిపాదనలు పెడుతున్నాం.

ఒకటి. మన పిల్లలు యాత్రకు వెళ్లేటప్పుడు, వెంట వెళ్లే అధ్యాపకుల ఫోన్ నంబర్లు, బస చేసే చోటు, పిల్లల రక్తం గ్రూపు రాసిన కాగితం ఒకటి ఇంట్లో, ఒకటి సంఘం గదిలో ఉండాలి. ఏదైనా జరిగితే ఆ ఊళ్లో మన తెలుగు వాళ్లెవరున్నారో వెతికి ఆసుపత్రికి పంపే పని సంఘానిది.

రెండు. దుఃఖంలో ఉన్న ఇంటికి పదో రోజు తర్వాత కూడా వెళ్లడానికి ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుందాం. నెలకోసారి, ఒక ఏడాది పాటు. మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు, కూర్చుని రావడం చాలు.

మూడు. పేరు వల్లో, భాష వల్లో, ఊరి వల్లో గది పోగొట్టుకున్న విద్యార్థి ఎవరైనా సరే, ఇంకో గది దొరికే దాకా మన సంఘం మేడ మీది గదిలో ఉండవచ్చు. అద్దె లేదు. యజమానితో మాట్లాడటానికి సంఘం పెద్దలు వెళ్లాలి. ఇది కొందరికి నచ్చకపోవచ్చు. నచ్చని వాళ్లు సమావేశానికి తప్పకుండా రండి, ఎదురుగా కూర్చుని మాట్లాడుకుందాం.

ఆ ఇద్దరు కుర్రాళ్లు ఇప్పుడు మింజూరు వైపు ఎక్కడో ఉంటున్నారని విన్నాం. పోయిన ఆదివారం మాలో ఇద్దరం వెతుక్కుంటూ వెళ్లాం. దొరకలేదు. ఈ ఆదివారం మళ్లీ వెళ్తాం. ఎవరికైనా వాళ్ల ఆచూకీ తెలిస్తే చెప్పండి.

ఆ అమ్మ కొడుకు ఐ.వి.కి బుధవారం బయల్దేరుతున్నాడు. వాడి కాగితం అప్పుడే సంఘం గదికి చేరింది. మొదటి కాగితం అదే.